కప్ప నోరు

“అమ్మా, నా లారీ కింద ఏదో కొట్టుకుంటోంది. రేపు పొద్దున్నే బండి వదిలేసుకుంటున్నాను. ఈలోగా అదేంటో చెప్పగలరా?” అంటూ వచ్చాడు డ్రైవరు.

టీచరమ్మ కుర్చీ చూపించింది. ఒకప్పుడు బడిలో భాష పాఠాలు చెప్పిన ఆమె ఇప్పుడు జనం గుట్లు విప్పే ప్రైవేటు డిటెక్టివ్. ఆమె దగ్గరే చదువుకున్న మీసాలాయన ఆమెకు సహాయకుడు. టీచరమ్మ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

“ఎప్పుడు కొట్టుకుంటోంది?”

“గుంతలో పడినా, మలుపు తిరిగినా టంగు టంగుమని ఒకటే మోత. మెకానిక్కు సగం బండి విప్పేశాడు. దొరకలేదు. బ్రేకులు ఊడతాయేమోనని మా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. ఆవిడ అన్నయ్య, మా బావ, ‘నీకెందుకీ చావు, నేను తీసుకుంటాలే’ అంటున్నాడు. ఇచ్చేస్తే నేను మళ్లీ ఎవరి బండికో జీతగాడిగా ఎక్కాల్సిందే.”

“నున్నటి రోడ్డు మీద?”

“ఎంత స్పీడు పోయినా ఊ అనదు.”

“తిరిగే సామానైతే అక్కడా మోగేది. ఇదేదో ఊగే సామాను,” అంటూ ఆమె చెప్పులు తొడుక్కుంది. మీసాలాయన మీసం గర్వంగా లేచింది.

షెడ్డులో మెకానిక్కు మండిపడుతున్నాడు. “బుష్‌లు వేశాను, జాయింటు మార్చాను. ఇంక మార్చాల్సింది డ్రైవర్నే!”

అక్కడే టీ పోసే అక్క గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించింది. “మోత మొదలవకముందు, ఓ మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరమ్మా. లారీ కింద ఎవరివో కాళ్లు మాత్రం కనిపించాయి. ‘ఛీ, ఈ కప్ప నోరు పడట్లేదే’ అని గొణుక్కుంటున్నాడు. కప్ప నోరు మూయించే మొనగాడెవడా అని నవ్వుకుంటూ పోయాను.”

మీసాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. టార్చి తీసుకుని లారీ కిందికి దూరింది. అక్కడంతా బురద, గ్రీజు పేరుకుని ఉన్నాయి. బండి అడుగు దూలం సందులో ఒక్క తీగ చుట్ట మాత్రం తళతళా మెరుస్తోంది. దాన్ని విప్పి, వేలాడుతున్న వస్తువును సంచిలో వేసుకుని బయటికొచ్చింది.

“అందరినీ పిలిపించు,” అంది మీసాలాయనతో.

డ్రైవరు భార్య, ఆమె అన్నయ్య కూడా వచ్చాక, టీచరమ్మ సంచిలోంచి నోరు తెరుచుకుని ఉన్న తుప్పు ముక్కను తీసింది.

“బడిలో అడిగినట్టే అడుగుతున్నాను. ఇదేంటి?”

“తాళం,” అన్నాడు డ్రైవరు.

“తాళమే. తుప్పు పట్టి చచ్చింది,” అన్నాడు మెకానిక్కు.

“తాళం గాక తలుపా?” అంది టీ అక్క.

“ఇదేం పరీక్షండీ, కప్ప!” అన్నాడు బావ.

టీ అక్క గ్లాసులు కింద పెట్టేసి ముందుకొచ్చింది. “ఓరి నాయనో! ఆ కప్పా?”

“ఆ కప్పే,” అంది టీచరమ్మ. “తుప్పు వల్ల నోరు పడలేదు. అందుకని తీగతో దూలానికి కట్టారు. బండి ఊగినప్పుడల్లా ఇనుముకు కొట్టుకుంది. మెకానిక్కుకైతే ఇంత అవస్థ అక్కర్లేదు, ఒక నట్టు వదులు చేస్తే చాలు. ఇది బండిని భయంతో వదిలించి, తాను తీసుకోవాలనుకున్నవాడి పని.”

“కప్ప అనేవాళ్లు లోకంలో నేనొక్కణ్ణేనా?” బావ గొంతు పెంచాడు.

డ్రైవరు భార్య ఆ తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మా పుట్టింట్లో అందరం తాళాన్ని కప్ప అనే అంటాం. ఇది మన కొట్టుగదిది అన్నయ్యా. ఈ సొట్ట నేను చిన్నప్పుడు పడేసినప్పటిది. బండి కావాలంటే అడగొచ్చుగా?”

“అడిగితే ఇస్తాడా?” అన్నాడతను, తల దించుకుని.

“మోత నీ కడుపులో పెట్టుకుని నా బండి కింద వెతికించావు కదా బావా,” అన్నాడు డ్రైవరు. లారీ ఎక్కి, గేటు ముందున్న గుంతలోంచి పోనిచ్చి వెనక్కి తెచ్చాడు. చప్పుడు లేదు.

అతని భార్య తాళంలో నాలుగు చుక్కల నూనె పోసింది. లారీ పనిముట్ల పెట్టెకు తగిలించి రెండు చేతులా నొక్కింది. టక్.

“తాళంచెవి లేకుండా వేసేశావేంటమ్మా!” అని మెకానిక్కు మొత్తుకున్నాడు.

“మా అన్నయ్య దగ్గరుంది. రేపు తనే తెచ్చి, మా ఆయన ముందు నిలబడి తీస్తాడు,” అంది ఆమె.