పెద్ద బొగ్గులు

మధ్యాహ్నం కరెంటు పోయింది. కోడిపిల్లల షెడ్డులో వేడినిచ్చే బల్బులు ఆరిపోయాయి.

బయట ఒకటే వాన. మొన్ననే గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వాటిలో తల మీద నల్లచుక్క ఉన్నది రైలుది. రైలంటే ఆ ఇంటి పాపే. ఏ పనైనా పరుగున చేస్తుందని అన్నయ్య పెట్టిన పేరది.

అమ్మ కుంపటి రాజేసి, చుట్టూ ఇనుప జాలీ పెట్టింది. అన్నయ్యతో కలిసి జనరేటర్ కోసం బయల్దేరుతూ, వేడి తగ్గినప్పుడల్లా ఒక బొగ్గు వెయ్యమని రైలుకి చెప్పింది.

బకెట్లో ఉన్నవన్నీ పెద్ద బొగ్గులే. ఒకటి వేసింది. ఎంతకీ రాజుకోదు. పిల్లల అరుపులు ఎక్కువయ్యాయి.

రైలు సుత్తి తెచ్చింది. బకెట్లోని బొగ్గులన్నీ చిన్న ముక్కలు చేసి కుంపట్లో పోసింది. చూస్తుండగానే అన్నీ ఎర్రగా కణకణలాడాయి. పిల్లలు అరుపులు ఆపాయి. అమ్మ ఎంత మెచ్చుకుంటుందో అనుకుంది రైలు.

కాసేపటికే కుంపట్లో బూడిదే మిగిలింది. బకెట్ ఖాళీ.

నల్లచుక్కని స్వెట్టర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. మిగతావాటి మీద గోనెపట్టా కప్పింది. అమ్మ వచ్చేసరికి సగం పిల్లలు కదలడం లేదు. ఒళ్లోది కూడా.

జనరేటర్ దొరకలేదు. అన్నయ్య భుజం మీద బొగ్గుల బస్తా ఉంది. చెల్లి ఒళ్లో ఉన్నది చూసి, దాన్ని చప్పుడు కాకుండా కింద దించాడు.

"ముక్కలైతే వెంటనే అంటుకున్నాయమ్మా," అంది రైలు.

అమ్మ పక్కనే కూర్చుంది. "పెద్ద బొగ్గుకి గాలి పైపైనే తగులుతుంది, తల్లీ. అందుకే మెల్లగా కాలుతుంది. పగలగొడితే లోపలిదంతా బయటపడి, అన్ని వైపులా గాలి తగిలి, ఒక్కసారిగా కాలిపోతుంది. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది."

రైలు నల్లచుక్కని స్వెట్టర్‌తో సహా అమ్మ చేతుల్లో పెట్టింది. బస్తా విప్పింది. రాజేయడానికి నాలుగు చిన్న ముక్కలు కుంపటి అడుగున వేసి అంటించి, పైన ఒక పెద్ద బొగ్గు పెట్టింది. అది అంటుకోవడానికి చాలాసేపు పట్టేలా ఉంది.

"సుత్తి ఇవ్వనా, రైలూ?" అన్నాడు అన్నయ్య మెల్లగా.

"వద్దు."

మిగిలిన పిల్లలు జాలీ దగ్గరికి ఒక్కొక్కటే చేరాయి. బొగ్గు అంచు కొద్దిగా ఎర్రబడింది. రైలు అక్కడి నుంచి లేవలేదు.