నీలం పడవ కవరు

"ఈ కేసెట్టు పంపింది మా ఆయనేనా, కాదా? అదొక్కటి తేల్చి చెప్పండి, చాలు," అంది పెద్దావిడ కుర్చీ తడుముకుని కూర్చుంటూ. "ఆయన పోయి ఏడాది కావొస్తోంది."

అసిస్టెంటు నోరు తెరిచాడు. తెరిచిన నోరు సమయానికి మూసుకోవడం అతనికి ఏనాడూ చేతకాలేదు.

"పోయినవాళ్ళు కేసెట్లెలా పంపుతారండీ?"

"అదే కదా బాబూ నేనూ అడుగుతున్నది."

డిటెక్టివ్ అసిస్టెంటు వైపు ఒక చూపు చూసి, కేసెట్టు అందుకున్నాడు. ఇంట్లో అచ్చువేసుకున్న కవరు అది. దాని మీద నీలం రంగు పడవ, ఎర్రటి తెరచాప. ఒక మూల చిన్న గాటు పెట్టి ఉంది. పెద్దావిడకు పెళ్ళయిన కొత్తలోనే జ్వరం వచ్చి చూపు పోయింది. ఆవిడ వేళ్ళతో గుర్తు పట్టడానికి వీలుగా భర్త ప్రతి కవరుకూ అలా గాటు పెట్టేవాడట.

ఇంట్లో ఏ చప్పుడూ వృథా పోనిచ్చే మనిషి కాదాయన. ఆవిడ పాటలు, వానచప్పుడు, వచ్చినవాళ్ళ కబుర్లు, అన్నీ కేసెట్లకీ డిస్కులకీ ఎక్కించి, కవర్లూ లేబుళ్ళూ తనే అచ్చువేసేవాడు. ప్రింటరు కదులుతున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చునేది. ఏ బొమ్మ వస్తోందో, ఏ రంగు పడుతోందో ఆయన ఒక్కొక్కటే చెప్పేవాడు.

"ఆయన ఆఖరున వేసిన కవరు ఈ నీలం పడవే. ఇప్పుడు మళ్ళీ అదే పడవతో వచ్చింది. మా ఇద్దరి మధ్య మాట అది. ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?"

"ఇది పడవేనని మీకెవరు చెప్పారు?"

"మా మరిది. హాల్లో నా కుర్చీలో దొరికింది. ఏం బొమ్మరా అని అడిగితే చూసి చెప్పాడు. ఇలాంటివి అంతకు ముందు రెండొచ్చాయి."

అసిస్టెంటు ఆఫీసులోని పాత ప్లేయరులో కేసెట్టు పెట్టాడు. కాసేపు ఉత్త గాలి. తర్వాత మగ గొంతు, పక్క గదిలోంచి పిలిచినంత దగ్గరగా వినిపించింది.

"ఆ ఇల్లు ఖాళీ చేసి వచ్చెయ్. ఇంక అక్కడ ఒక్కదానివే... ఎందుకు? నీ కోసం గది సర్దిపెట్టాను. ఎదురుచూస్తుంటాను."

ఎండ ఇంకా కిటికీలో ఉండగానే గదిలో వెలుగు తగ్గినట్టనిపించి, అసిస్టెంటు లేచి దీపం వేశాడు.

"గొంతు ఆయనదేనా?" అడిగాడు డిటెక్టివ్.

"ఆయనదే. ఇంత వయసొచ్చి ఆ గొంతు పోల్చుకోలేనా? కాకపోతే దగ్గు లేదు. చివరి పదేళ్ళూ ఖళ్ళుఖళ్ళుమంటూనే ఉండేవారు. గొంతు కూడా పడుచుదైంది. అక్కడికి వెళ్ళాక బాగుపడ్డారేమో."

"మిమ్మల్ని ఆయన ఏమని పిలిచేవారు?"

"ఏమోయ్ అని. ఆ మాట లేకుండా నోరు విప్పేవారు కాదు. ఇందులో అనలేదు. అదే నా అనుమానం."

"భయంగా ఉందా అమ్మా?"

"ఆయనైతే నాకెందుకు భయం? కాకపోతేనే భయం. గుండెకి వేసుకునే మాత్రలు మానేశాను. మీరు అవునంటే ఇంక వేసుకోను. పిలిచాక కాలయాపన చెయ్యడం ఎందుకు?"

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, అసిస్టెంటుకి ఏడుపొచ్చినంత పనయింది.

"అవునో కాదో ఆదివారం మీ ఇంట్లో చెప్తాను," అన్నాడు డిటెక్టివ్. "అందాకా మాత్రలు వేసుకోండి. నా ఫీజు అదే."

మర్నాడు పొద్దున వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళారు. తలుపు తీసింది పెద్దావిడ అన్న కూతురు. బట్టలు కుట్టుకుంటూ మేనత్తకు తోడుగా ఉంటోంది. ఆ పిల్ల కళ్ళు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

లోపలి గది పెద్దాయనది. గోడ నిండా అల్మారా, అల్మారా నిండా కేసెట్లు, డిస్కులు. పై వరుస రంగురంగుల కవర్లతో ఉంది. కింది వరుసలన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఎండకి వెలిసిపోయాయి సార్," అన్నాడు అసిస్టెంటు.

డిటెక్టివ్ కిటికీ తెరిచాడు. జానెడు దూరంలో పక్కింటి గోడ. ఆ గదిలో ఎండ పడాలంటే ముందు ఆ ఇల్లు పడాలి.

బల్ల మీదున్న పాత ప్రింటరు మీట నొక్కాడు అసిస్టెంటు. అది గరగరమంటూ అటూ ఇటూ నడిచి కాగితాన్ని బయటికి తోసింది. హాల్లోంచి పెద్దావిడ కేకేసింది, "ఎవరే అది, మామయ్య మిషన్ ముట్టుకున్నదీ?" మేనకోడలు గబుక్కున వచ్చి, ఆ కాగితం లాగి ఉండచుట్టి గుప్పిట్లో దాచేసింది.

"నీ దగ్గర ఇంకో ప్రింటరుందా అమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

"లేదండీ."

"ఆ పడవ చూసి నువ్వెందుకు భయపడ్డావు?"

"అది వచ్చే బొమ్మ కాదండీ," అని మాత్రం అనేసి ఆ పిల్ల వంటింట్లోకి పోయింది.

మేడ మీద అద్దెకుంటున్నవాడు టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్. పెద్దాయన గదిలో అతను ముట్టని వస్తువు లేదు. కేసెట్టు విని పెదవి విరిచాడు.

"గొంతు అసలుదే. కానీ మధ్యలో అతుకుంది. ఒక్కదానివే అన్నచోట 'దానివే' అన్నది ఇంకెక్కడిదో తెచ్చి అంటించారు. వెనకాల గాలి మారింది, వినండి."

"నీకు బాగానే తెలుసే!" అన్నాడు అసిస్టెంటు కళ్ళు చిన్నవి చేసి.

"తెలిసిన పాపానికి నేనే చేశానంటారా? ఈ ఇంట్లో నాకేం కావాలండీ? ఆవిడ పోతే నేను అద్దెకుండే వాటా కూడా పోతుంది."

మరిది సాయంత్రం వచ్చాడు. అన్నదమ్ములు చాలాకాలం మాటల్లేకుండా ఉండి, అన్న పోయాకే ఇతను రాకపోకలు మొదలుపెట్టాడు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. వదిన ఉండగా అమ్మే వీల్లేదు.

"రోజూ ఫోన్లో వదిన చెప్తుంటే వింటాను. అన్నయ్య వేసిన బొమ్మల గురించే చెప్తుంది, పాపం," అని కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఆ గది చూశారా?"

"నా వల్ల కాదండీ. అన్నయ్య లేని గదిలో అడుగుపెట్టలేను. హాల్లో కూర్చుని హాల్లోంచే వెళ్ళిపోతాను."

ఇంటికి తిరిగి వెళుతూ అసిస్టెంటు మెకానిక్ మీద పందెం కాస్తానన్నాడు. అతను గెలిచిన పందెం ఇంతవరకూ లేదు గనక డిటెక్టివ్ కాయలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ హాల్లో చేరారు. పెద్దావిడ ఉతికిన చీర కట్టుకుని, ప్రయాణానికి సిద్ధమైనట్టు కూర్చుంది. ఆవిడ ఒళ్ళో నీలం పడవ ఉంది.

"అమ్మా, నేను చెప్పబోయేది మిమ్మల్ని నొప్పిస్తుంది. చెప్పకపోతే అంతకన్నా ఘోరం జరుగుతుంది," అన్నాడు డిటెక్టివ్. తర్వాత మరిది వైపు తిరిగాడు. "మీరు లోపలికి వెళ్ళి అల్మారాలో అట్టడుగు వరుస చివరనున్న కేసెట్టు తీసుకురండి. మీ అన్నగారు ఆఖరున చేసింది. అడుగుపెట్టలేనంటే కుదరదు."

మరిది వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. వచ్చాక గుమ్మంలోనే నిలబడిపోయాడు, చేతిలో కేసెట్టుతో.

"దాని మీద ఏముందో వదినగారికి చెప్పండి."

అతను కేసెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెప్పరా," అంది పెద్దావిడ. "పడవే కదా?"

"ఏమీ లేదు వదినా," అన్నాడతను చివరికి. "తెల్ల కాగితం."

మేనకోడలు పైటచెంగు నోట్లో కుక్కుకుంది. డిటెక్టివ్ మెల్లగా చెప్పాడు.

"ఆ ప్రింటరుకి రంగు దొరకడం ఎప్పుడో ఆగిపోయిందమ్మా. పై వరుస వరకే బొమ్మలున్నాయి. ఆ తర్వాత ఆయన తెల్ల కాగితాలే పెట్టి మిషన్ నడిపారు, మీరు చప్పుడు వింటారని. బొమ్మలు నోటితో వేశారు. ఇది మీ మేనకోడలికీ మెకానిక్కీ తెలుసు. మిమ్మల్ని నమ్మించడానికి వాళ్ళు కేసెట్టు చేస్తే, గాటు పెట్టి తెల్ల కాగితమే చుట్టేవాళ్ళు. చూపులేని మనిషి కోసం రంగులేసి కష్టపడింది ఎవరు? అల్మారా అంతా బొమ్మలే ఉన్నాయని నమ్మినవాడు. వాటి పక్కన పెట్టి చూసినా తేడా తెలియకూడదనుకున్నవాడు. బొమ్మల సంగతి ఫోన్లో విని, గది మాత్రం ఎన్నడూ చూడనివాడు ఈ ఇంటికొచ్చేవాళ్ళలో ఒక్కడే ఉన్నాడు."

"నేను ఇంకేదో అనుకున్నాను అత్తయ్యా," అంది మేనకోడలు ఏడుస్తూ. "ఇక్కడ వెయ్యలేకపోయిన పడవ మామయ్య అక్కడ వేసి పంపాడనుకున్నాను. ఎవరికీ చెప్పలేక చచ్చిపోయాను."

పెద్దావిడ ముఖం గోడవైపే ఉంది.

"మరి గొంతు?"

"దగ్గు లేని గొంతు, పడుచు గొంతు," అన్నాడు డిటెక్టివ్. "పాతది. ఏమోయ్ లేదంటే మీకోసం చెప్పింది కాదు. ఎవరికి చెప్పిందో మీ మరిదిగారే చెప్పాలి."

మరిది నేలమీద చతికిలబడ్డాడు. అతనికి ఆ ఇంట్లో అబద్ధమాడే ఓపిక అయిపోయింది.

"నేను దూరంగా ఉద్యోగంలో ఉన్నప్పుడు అన్నయ్య ఉత్తరాలకి బదులు టేపులు పంపేవాడు. ఒక్కడివే ఎందుకురా, ఇల్లు ఖాళీ చేసి వచ్చెయ్ అనేవాడు. నా కోసం గది సర్దిపెట్టానని కూడా... ముందున్న 'తమ్ముడూ' కోసేశాను. నిన్ను చంపాలని కాదు వదినా, ఒట్టు. ఇల్లు వదిలి ఎక్కడికైనా వెళ్తావనుకున్నాను."

"మాత్రలు మానేశానని నీకు ఫోన్లో చెప్పాను కదరా."

మెకానిక్ మరిది మీదికి లేవబోతే అసిస్టెంటు చెయ్యి పట్టి ఆపాడు.

పెద్దావిడ ఒళ్ళోని కవరు తీసి, మడతలు విప్పి, రెండుగా చింపింది. పడవ ఎక్కడ చిరిగిందో ఆవిడకు తెలియదు. అప్పుడు ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదని మేనకోడలు తర్వాత చెప్పింది.

"అయితే ఆయన నన్ను పిలవలేదన్నమాట."

"లేదమ్మా," అన్నాడు డిటెక్టివ్. జవాబు చెప్పడం అంత కష్టమైన కేసు అతనికి మరొకటి తగల్లేదు.

"పిలిచింది నిన్నురా," అందావిడ మరిది ఉన్న వైపు తిరిగి. "గది సర్దిపెట్టుకుని మరీ పిలిచారు. నువ్వు రాలేదు. నేను పోబోయాను."

"పోలీసులకి చెప్పమంటారా?" అడిగాడు డిటెక్టివ్.

"తర్వాత చూద్దాం. ముందు ఆ టేపులన్నీ తెచ్చి ఇవ్వమనండి. నేను వినని ఆయన మాటలు వాడి దగ్గరున్నాయి." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కోసి పారేసిన ముక్కలుంటే అవి కూడా తెమ్మనండి. మన మెకానిక్ అతికిస్తాడు."