నన్ను అడగాల్సిన మాట

"ఆవిడకి కళ్ళు కనిపించవా? మరి నా భుజం ఎలా చూస్తారు?" అని బస్సు డ్రైవర్ కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని గుసగుసగా అడిగాడు.

"చేత్తో చూస్తానండీ. చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. లోపలికి రండి," అంది తెర వెనక నుంచి ఫిజియోథెరపిస్టు.

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పదేళ్ళుగా స్టీరింగ్ తిప్పిన కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఆమె వేళ్ళు భుజం చుట్టూ నెమ్మదిగా తిరిగి ఒకచోట ఆగాయి.

"ఇక్కడేగా?"

సరిగ్గా అక్కడే. అతను కెవ్వుమన్నాడు.

మొదటి వారమంతా అతను మాటలు తూచి తూచి మాట్లాడాడు. "నిన్న ఒక సినిమా చూ... అంటే, సినిమాకి వెళ్ళాను."

"చూశాననే చెప్పండి, ఏం కాదు. నేనూ చూశాను. చివర్లో మా అక్క ఏడుపు అందుకుని నాకు కథ చెప్పడం మానేసింది. క్లైమాక్స్ ఏమైందో మీరైనా చెప్పండి."

అతను చెప్పాడు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. రెండు నెలలకి చెయ్యి తల పైదాకా లేచింది. ఇంకో వారంలో డ్యూటీలో చేరాలి. ఇక్కడికి రావడానికి ఇక నొప్పి కూడా ఉండదని దిగులు పట్టుకుంది.

ఆ దిగులులోనే, ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన అక్కను గేటు దగ్గర ఆపాడు. "మీ చెల్లెల్ని నాకిచ్చి పెళ్ళి చేస్తారా? జీవితాంతం జాగ్రత్తగా చూసుకుంటాను."

మర్నాడు అతను వెళ్ళేసరికి ఆమె దుప్పటి మడత పెడుతోంది.

"రేపట్నుంచి మీకు ఇంకో థెరపిస్టు," అంది.

"నేనేం తప్పు చేశాను?"

"రెండు నెలలు నాతో మాట్లాడారు. అసలు మాట దగ్గరికొచ్చేసరికి మా అక్కని అడిగారు. పదకొండో ఏట చూపు పోయింది నాకు. అప్పట్నుంచీ డాక్టర్లు, టీచర్లు, బట్టల షాపువాళ్ళు, అందరూ నా పక్కనున్నవాళ్ళనే అడుగుతారు, అమ్మాయికి ఏం కావాలని. మీరు అలా కాదనుకున్నాను."

ఏదో ఒక సాకు చెప్పవచ్చు. అతను చెప్పలేదు.

"మిమ్మల్ని ఎవరో ఒకరు నా చేతిలో పెట్టాలనుకున్నాను. అలా ఎందుకనుకున్నానో... సిగ్గుగా ఉంది."

ఆమె దుప్పటి అంచులు సరిచేసి పక్కన పెట్టింది.

"మీ ఇంట్లో తెలుసా?"

"అమ్మకి చెప్పాను. వంటెలా చేస్తుంది, పిల్లల్నెలా పెంచుతుందని వంద ప్రశ్నలు వేసింది. ఆమెనే అడుగు, నాకేం తెలుసన్నాను."

"అడగమనండి."

"మరి నా ప్రశ్న? నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఆలోచించుకోవాలి," అంది ఆమె.

ఆదివారం పొద్దున్నే అతని తల్లి స్పీకర్ పెట్టి ఆమెకి ఫోన్ చేసింది. "హలో" వినబడగానే ఆవిడ అనుకున్న ప్రశ్నలన్నీ ఎటో పోయాయి.

"అమ్మాయ్, నీతో ఎలా మాట్లాడాలో తెలియట్లేదు. ఏమంటే నొచ్చుకుంటావోనని భయంగా ఉంది."



"నాకూ భయంగానే ఉంది. మీకు తోచినట్టే మాట్లాడండి, అత్తయ్యా."

ఆ పిలుపు విన్న డ్రైవర్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"మీవాడు అక్కడే ఉన్నాడా?" అని అడిగింది ఆమె.

"ఆఁ, ఇక్కడే ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, చూసుకో నీ మొగుణ్ణి," అంది తల్లి. ఆ తర్వాత తనూ కొంగు వెతుక్కుంది.