పోతా అనకూడదు

మా అన్నయ్య ఒక రాక్ బ్యాండ్‌లో పాడిన రెండో ఆల్బమ్‌ను అప్పట్లో కొన్న నాథుడు లేడు. తర్వాత వేరే గాయకుడొచ్చాడు, ఆ బ్యాండ్ పేరు మారుమోగిపోయింది. ఇప్పుడు రికార్డు కంపెనీవాళ్లకు తొలి రోజులు గుర్తొచ్చి, ఆ పాత టేపు శుభ్రం చేయమని, పాత రికార్డింగులు బాగుచేసే నాకే పంపారు. పేరొస్తే అందరూ చుట్టాలే! ఒళ్లు మండింది. అయినా ఒప్పుకున్నాను, అన్నయ్య గొంతు కదా.

వదిన కూడా వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమెను తొలిచేది ఒక్కటే. చివరి పాట రికార్డింగుకు బయల్దేరుతూ అన్నయ్య ఆమెతో మాటామాటా పెంచుకుని, "పోతా" అన్నాడట. "వస్తా అనాలి" అని ఆమె అనలేదు. తలుపేసుకుంది. తిరుగు దారిలో వ్యాన్ బోల్తా పడి అన్నయ్య పోయాడు.

"ఎక్కడైనా ఒక్కసారి వస్తా అన్నారేమో చూడు బాబూ," అంది.

నా స్టూడియోకు కిటికీల్లేవు, మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. అంత పాత టేపును సన్నని వేడిలో ఆరబెట్టి, ఒక్కసారి తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. రెండోసారికి ఉంటుందన్న నమ్మకం లేదు. మీట నొక్కాను. తుప్పు వాసన. గిటార్లు. ఆపైన ఇరవై ఆరేళ్ల అన్నయ్య... ఏడుపు ఆగలేదు నాకు. ఎంత బాగా పాడాడు, ఒక్కడూ వినలేదు కదా!

చివరి పాట అయింది. గరగర. తర్వాత అలిసిన గొంతు...

"అయిపోయిందిగా. నే పోతా."

వదిన ముఖం పాలిపోయింది. స్పీకరు దగ్గరికి వంగి గుసగుసగా అంది. "అలా అనకూడదండీ... వస్తా అనాలి."

టేపు ఆగింది. కాపీ సరిగా వచ్చిందో లేదోనని కంప్యూటర్‌లో చివరి ముక్క వేశాను.

"అయిపోయిందిగా. నే వస్తా."

టేపు చూశాను. శబ్దాన్ని పట్టి ఉంచే గోధుమరంగు పొడంతా రాలిపోయి ఉత్త ప్లాస్టిక్ మిగిలింది. వదిన మాత్రం ఏడుస్తూనే నవ్వింది. ఏదో అని, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి బయల్దేరింది. నేను ఆ పొడి వంకే చూస్తూ ఊఁ కొట్టాను.

అరగంటకు మళ్లీ వేశాను. "నే వస్తా." ఆ తర్వాత ఇందాక లేని అడుగుల చప్పుడు... మెట్లు... గడియ తీసిన శబ్దం.

"వచ్చారా?"

వదిన గొంతు. ఇప్పటి గొంతు.

ఆమె వెళ్తూ ఏమందో అప్పుడు గుర్తొచ్చింది. "ఇక పోతా బాబూ." నేనూ దిద్దలేదు.

వదిన ఇంటికి ఫోన్ చేశాను. ఆ ఫోన్ మోగడం... నా స్పీకర్లలోంచే వినిపిస్తోంది. దాని వెనక ఇద్దరు నవ్వుకుంటున్నారు.

ఎవరూ తీయడం లేదు.