మధ్యవర్తి వాటా

ఇలోయిలో పట్నంలో చేపల రేవు దగ్గరున్న ఐసు ఫ్యాక్టరీలో పర్ఫెక్టో మెకానిక్కు. పర్ఫెక్టుతనమంతా పేరులోనే అయిపోయింది, మనిషి దాకా రాలేదు. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు పర్ఫెక్టోనే.

మిలా మొదటిసారి కనబడ్డ రోజే తీసుకోండి. లారీలకెక్కే సరుకు లెక్క చూడటానికి ఆమె కొత్తగా చేరింది. వానలోంచి వచ్చి, గొడుగు మూసుకుని లోపలికి అడుగుపెడుతుంటే పర్ఫెక్టో మర్యాదగా పక్కకు జరిగాడు. జరిగినచోట ఐసు దిమ్మ ఉంది. దాని మీద కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుకుంటూ పోయి లారీ చక్రం దగ్గర ఆగాడు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అంది మిలా.

"లేదండి. నేను రోజూ ఇలాగే వెళ్తాను," అన్నాడు.

ఆమె గబుక్కున మళ్లీ గొడుగు తెరిచింది. పైన కప్పు ఉంది, వాన పడటం లేదు. గొడుగు వెనకాల నవ్వుతోందని అందరికీ తెలిసిపోయింది.

అంతే. ఆ పైన ఆమె ఎదురైతే పర్ఫెక్టోకి నోట మాట వచ్చేది కాదు. మా వైపు ఇలాంటి సిగ్గరులకు ఒక దారి ఉంది. మధ్యలో ఒకరిని వంతెనగా పెట్టుకుంటారు. అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేయడం ఆ వంతెన పని. పర్ఫెక్టో గేటు దగ్గర భోజనాలు అమ్మే పురింగక్కని పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే లేత కొబ్బరాకులో చుట్టిన తీపన్నం పొట్లాలు కొని ఆమె చేతికిచ్చేవాడు.

"ఏమందక్కా?"

"నవ్వింది."

"ఏమని నవ్వింది?"

"నవ్వుకి మాటలుంటాయా తమ్ముడూ? నువ్వు పంపుతూ ఉండు. పని జరుగుతోంది."

పని జరుగుతూనే ఉంది. పర్ఫెక్టో చిక్కిపోతూనే ఉన్నాడు.

అలాంటప్పుడు, కంపెనీలకు పనివాళ్లను సరఫరా చేసే ఏజెన్సీ మనిషి దిగాడు. తెల్ల బూట్లు, చేతిలో రెండు ఫోన్లు.

"ఈ అమ్మోనియా కంపులో ఎన్నాళ్లుంటావయ్యా? మా ఏజెన్సీలో చేరు. కొత్త మాల్‌లో ఏసీ మెషీన్లు చూసే పని ఇప్పిస్తాను. జీతం ఇక్కడికంటే ఎక్కువ. మెడలో కార్డు."

"మాల్ వాళ్లు నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటారా?"

"పని వాళ్లది, మనిషివి మాకు. జీతం మా చేతి మీదుగా వస్తుంది."

పర్ఫెక్టో బుర్ర మెడలో కార్డు దగ్గరే ఆగిపోయింది. తర్వాతి మాటలు చెవిలో పడ్డాయి గానీ లోపలికి పోలేదు.

ఇక్కడ పర్మనెంటు కావడానికి అతను పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. ఒకసారి వదిలితే ఈ ఉద్యోగం మళ్లీ దొరకదు. అదీ తెలుసు. కానీ అమ్మోనియా వాసన కొట్టేవాడిని ఏ పిల్ల చేసుకుంటుంది? ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి, చిల్లు గరిటెకి తాడు కట్టి మెడలో వేసుకుని చూసుకున్నాడు. బాగానే ఉన్నాననిపించింది. తను బాగున్నానని అతనికి అనిపించిన ప్రతిసారీ ఏదో ఒక కొంప మునిగింది.

రాజీనామా రాసుకున్నాడు. పురింగక్కకి ఒక్కదానికే చెప్పాడు, అదీ రహస్యంగా.

మర్నాడు వాన దంచుతుండగా మిలా మెషీన్ల గదిలోకి వచ్చింది.

"రాజీనామా ఇచ్చేశావా?" అని అరిచింది. ఆ హోరులో అరవక తప్పదు.

"సాయంత్రం ఇస్తాను. నీకెవరు చెప్పారు?"

"పురింగక్క. నాకోసమే మాల్‌కి పోతున్నావంట. నేను కాదంటే సముద్రంలో దూకుతానన్నావంట!"

"నేనా? నాకు చన్నీళ్లు పడవు. నీకు జలుబు తగ్గిందేమో కనుక్కోమన్నానంతే."

"జలుబా?"

"మొన్న తుమ్మావు కదా."

మిలా ముఖంలో కోపం కాస్త తడబడింది. "మరి ఆ తీపన్నం పొట్లం?"

"పొట్లమేంటి? రోజూ సంచీ నిండా పంపాను."

"సంచీ నిండానా? నాకు ఒక్కటే ఇచ్చేది!"

పురింగక్క ఈ మధ్య ఒళ్లు చేసిన సంగతి పర్ఫెక్టోకి అప్పుడు తట్టింది.

"నేనూ ఏజెన్సీ మీద బట్టల కొట్లో చేశాను," అంది మిలా. "ఆరో నెల రాకముందే కాంట్రాక్టు అయిపోయేది. మళ్లీ కొత్తమనిషిలా మొదటికి. ఒకసారి నిచ్చెన మీంచి పడ్డాను. కొట్టువాళ్లు ఏజెన్సీని అడగమన్నారు, ఏజెన్సీ వాళ్లు కొట్టువాళ్లని అడగమన్నారు. ఆ రెండు గుమ్మాల మధ్య కుంటుకుంటూ తిరిగాను."

"జీతం ఎక్కువన్నాడే..."

"నీ పొట్లాలు కూడా సంచీ నిండానే బయల్దేరాయి."

పర్ఫెక్టో జేబులోని రాజీనామా కాగితం తడుముకున్నాడు.

"పోవాలనుకుంటే పో. నీ ఉద్యోగం, నీ ఇష్టం. కానీ నాకోసం అనకు. నాకోసమైతే నన్ను అడగాలి కదా? అడిగావా?"

పర్ఫెక్టో తలుపు వైపు చూశాడు.

"ఆవిడ రాదు. అన్నాలు వడ్డిస్తోంది. చెప్పేదేదో నువ్వే చెప్పు."

పర్ఫెక్టో మీటరు చూశాడు. తన బూట్లు చూసుకున్నాడు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు.

"వినబడలేదు!"

"నువ్వంటే నాకిష్టం!"

"ఇంకా గట్టిగా!"

ఈసారి గొంతు చీలి మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. బయట ఐసు మోసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"మొదటిసారే వినబడింది," అంది మిలా. "నాకు చేరని పొట్లాలన్నిటికీ కలిపి అరిపించాను."

"మరి నీ మాట?"

"ఆదివారం మా ఇంటికి రా. నాన్న ముందే చెప్తాను. ఎవర్నీ వెంటబెట్టుకు రాకు."

సాయంత్రం ఏజెన్సీ మనిషి వస్తే పర్ఫెక్టో రానన్నాడు.

"ఎందుకయ్యా?"

"ఇక్కడ కాలు విరిగితే ఏ తలుపు కొట్టాలో నాకు తెలుసు."

"నీలాంటి తెలివితక్కువవాణ్ణి నేను చూడలేదు."

పర్ఫెక్టో ఒప్పుకున్నాడు. ఈ విషయంలో అతనెవరితోనూ వాదించడు. గేటు దగ్గర మాత్రం ఆగి, "అక్కా, నా పొట్లాలో?" అన్నాడు.

"మరి దారి ఖర్చు తమ్ముడూ!" అంది పురింగక్క, చెయ్యి ఆపకుండా వడ్డిస్తూ.

ఆదివారం మిలా వాళ్ల నాన్న వెదురు మెట్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను."

"వంతెన ఎవరూ లేరా?"

"లేరండి. నాకు మాట్లాడటం సరిగా రాదు. మీ అమ్మాయంటే ఇష్టం. ఐసు ఫ్యాక్టరీలో పర్మనెంటు. నా దగ్గర కాస్త వాసన వస్తుంది."

ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. మా వైపు పిల్లనడగ వచ్చినవాడు ముందు ఆ ఇంటి చాకిరీ చేసి చూపించాలి. ఆయన కట్టెల మొద్దుల పక్కనున్న గొడ్డలి వైపు గడ్డం ఆడించాడు.

పర్ఫెక్టో దెబ్బ వేశాడు. గొడ్డలి మొద్దులో ఇరుక్కుంది. మళ్లీ ఎత్తితే మొద్దు కూడా గొడ్డలితో పాటు లేచింది. దాన్నలాగే పట్టుకుని, దించాలో వెయ్యాలో తెలియక నిలబడ్డాడు. మిలా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"వీడికి కట్టెలు కొట్టడం రాదే," అన్నాడు తండ్రి.

"తెలుసు నాన్నా."

"అయినా?"

"అయినా."

ఆయన వల పక్కన పెట్టి లేచాడు. "అయితే ఇంకో పళ్లెం పెట్టు," అన్నాడు.