గడ్డిపరక కొసన

"మీరొస్తున్నరని నిన్ననే గొర్రెలన్నిటికి నట్టల మందు తాపిన మేడం," అన్నాడు అన్వేష్, మెప్పుకోసం చూస్తూ.

నా చేతిలో ఐస్ డబ్బా బరువెక్కింది. శామీర్‌పేట దగ్గర వాళ్ల దొడ్డికి నేను వచ్చిందే గొర్రెల కడుపులోని ఆ నట్టల పురుగుల గుడ్ల కోసం.

ల్యాబ్ వాళ్లు వస్తున్నారంటే జబ్బు గొర్రెలను ఎవరు చూపిస్తారు? చుట్టాలొస్తే మాసిన దుప్పటి దాచేసినట్టు జబ్బునే దాచేశాడు.

బోనాలకు వాళ్లు కోసిన పొట్టేలు కడుపులో నాకు పెద్ద పురుగులు దొరికాయి. ఇక అదే మంద పెంటికల్లోంచి గుడ్లు, వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు కావాలి. మూడింటిలోనూ ఉండేవి ఒకే జన్యువులు. ఒక్కో దశలో కొన్ని మేలుకుంటాయి, కొన్ని నిద్రపోతాయి. ఏవి ఎప్పుడు మేలుకుంటాయో తేల్చడమే నా పీహెచ్‌డీ. ఈ మందలో గుడ్లు దొరక్కపోతే ఏడాది పని మళ్లీ మొదటికి.

ఇదంతా నేను చెబితే విని అతని ముఖం వాడిపోయింది. ఇంతలో వాన. ఇద్దరం రేకుల కింద నిలబడ్డాం. కోప్పడదామని తిరిగి, అతని కనురెప్ప మీద ఆగిన చినుకు చూసి, ఏమనాలో మరిచిపోయాను.

అప్పుడే వాళ్ల అవ్వ బుచ్చమ్మ ఎర్ర గొర్రెపిల్లను చంకనెత్తుకుని వచ్చింది.

"దీనికి తాపనియ్యలే బిడ్డా. సేదుంటదని మంచం కింద దాసిన."

ఆ పిల్ల పెంటికల్లో గుడ్లు దొరికాయి. ఆ సాయంత్రమే దానికీ మందు పడింది.

గుడ్లలోంచి పిల్లపురుగులు బయటికొచ్చాయా అని అన్వేష్ రోజూ ఫోన్ చేసేవాడు. మొదట మేడం అన్నాడు, తర్వాత అనూహ్య గారు, ఆ తర్వాత ఏ పిలుపూ లేకుండా నేరుగా మాటే.

ఫలితాలొచ్చిన రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని దొడ్డికే వెళ్లాను. తెర మీది గళ్లలో ఎర్రవి మేలుకున్న జన్యువులు, నీలివి నిద్రపోతున్నవి అని చెప్పాను.

"గీ నడుమ వరుస ఏంది?"

"పిల్లపురుగు. ఏమీ తినదు. వాన తడికి గడ్డిపరక ఎక్కి, నీటిచుక్కలో గొర్రె కోసం ఎదురుచూస్తుంటుంది."

అతను ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"నేనుగూడ గదే దశల ఉన్న. పొట్టేలు కడుపు కోస్తుంటే ముక్కు మూసుకోకుండ ఉన్న మనిషిని నిన్నొక్కదాన్నే చూసిన. అప్పటిసంది."

"అంటే నేను గొర్రెనా?"

మస్తు పరేషాన్ అయ్యాడు. అలా తడబడుతుంటే ఎంత బాగున్నాడో.

బహదూర్‌పల్లిలో మా నాన్న మాత్రం, నేను పెళ్లి మాట ఎత్తగానే, గొర్రెలున్న ఇంట్లో ఎలా ఉంటావే అన్నారు. నాలుగేళ్లుగా వాటి పురుగులతోనే ఉన్నాను కదా నాన్నా అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వుతోనే ముహూర్తం కుదిరింది.

పెళ్లయి ఇరవై రెండు రోజులు. వాన వెలిసిందంటే చాలు, ఇద్దరం దొడ్డి వెనక గడ్డి మీదికి వంగి చుక్కచుక్కనూ చూస్తాం. అంత చిన్న పురుగు కంటికి కనిపించదని ఇద్దరికీ తెలుసు.

అయినా చూస్తాం.