మిషను చక్రం మీద చెయ్యి

ఇంట్లో చప్పుడు ఉన్నంతసేపూ ఆవిడకు ధైర్యమే. స్టూలు పడినా, గ్లాసు దొర్లినా, గోడకు బంతి తగిలినా పిల్ల ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. చప్పుడు ఆగితేనే గుండె గుభేలుమనేది. ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూ, కళ్ళు కుట్టు మీద, చెవులు కూతురి మీద పెట్టుకుని బతకడం ఆ తల్లికి అలవాటైపోయింది.

పిల్లకు ఎనిమిదేళ్ళు. ముద్దుపేరు బొంగరం. ఒకచోట కూర్చోమంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే. దాని కాళ్ళు ముందు పరిగెత్తేవి, ఆలోచన వెనకాల ఆయాసపడుతూ వచ్చేది. అది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు, ఏడీహెచ్‌డీ అని డాక్టరమ్మ చెప్పింది. "ఆగడం దానికి నేర్పాలమ్మా. ఏదైనా గుర్తు పెట్టండి. ముందు ఇంట్లో ఆటలా, తర్వాత గుమ్మం దగ్గర, ఆ తర్వాత మీరు పక్కనుండి వీధిలో. ఆగినప్పుడల్లా మెచ్చుకోండి" అంది.

గుర్తు బొంగరమే కనిపెట్టింది. కుట్టు వంకర పోతే అమ్మ పెడలు మీంచి కాలు తీసి, మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి సూదిని ఆపేస్తుంది. "నాకూ ఇక్కడ చక్రం ఉంది" అంటూ అది గుండె మీద చెయ్యి వేసుకుంది. అప్పట్నుంచి గదంతా పరిగెత్తడం, అమ్మ "చక్రం!" అనగానే ఆగడం వాళ్ళ ఆట. ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి గోడకు గుద్దుకునేది.

ఆట గుమ్మం దాకా రాకముందే ఆ వ్యాను వచ్చింది. కుక్కపిల్లను చూసి బొంగరం వీధిలోకి ఉరికింది. బ్రేకు కీచుమంటే తల్లి బయటికి వచ్చేసరికి వ్యానుకూ పిల్లకూ మధ్య జానెడు కూడా లేదు. ఆ రోజే ఆవిడ మందపాటి గుడ్డతో పొడుగాటి పట్టీ కుట్టింది. ఒక కొస పిల్ల నడుముకు, రెండోది మిషను కాలికి.

బడికి సెలవైన ఆ ఉదయం, బస్సు డ్రైవరైన భర్త డ్యూటీకి బయల్దేరుతూ ఆ ముడి చూశాడు.

"ఇంకా ఎన్నాళ్ళు కట్టేస్తావ్? అది పిల్లా, గొడ్డా?"

"గొడ్డయినా ప్రాణంతో ఉంటే చాలనుకుంటారు కదండీ. నేనూ అంతే అనుకుంటున్నాను."

"డాక్టరమ్మ వీధిలో కూడా నేర్పమంది."

"నేర్పేలోపు ఏమైనా అయితే? ఆ వ్యాను మీరు చూళ్ళేదు. నాకు కళ్ళు మూస్తే అదే."

"ఇన్నేళ్ళుగా బండి తోలుతున్నాను. బ్రేకు బండిలోనే ఉండాలి. తాడేసి ఎంతదూరమని లాగుతావ్?"

"మీ బ్రేకు మీ కాలి కింద ఉంది. దీనిదెక్కడుందో దేవుడికే తెలియాలి!"

బొంగరం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పోట్లాట నా మీదేనా?" అంది. ఆయన గేటు కూడా వెయ్యకుండా విసురుగా వెళ్ళిపోయాడు.

ఆవిడ కోపమంతా పెడలు మీద చూపించింది. బడి యూనిఫాంల కాలర్లు చకచకా సాగుతున్నాయి. ఎర్రదారం కోసం చెయ్యి చాపితే రీలు లేదు. అప్పుడు వినిపించింది నిశ్శబ్దం. ముడి విప్పేసిన పట్టీ కొస నేల మీద పడి ఉంది. గుమ్మం దాటి, మెట్లు దిగి, తెరిచిన గేటులోంచి ఎర్రదారం వీధిలోకి సాగిపోయింది.

ఆవిడ లేచి పరిగెత్తింది.

బొంగరం రోడ్డు అంచున ఉంది. రీలు నడిరోడ్డు మీద ఉంది. బళ్ళు రయ్యిమని పోతున్నాయి. కేకెయ్యబోయి నోరు నొక్కుకుంది తల్లి. కేకేస్తే అది ఉలిక్కిపడి ముందుకే దూకుతుంది. తన గుండె మీద తనే చెయ్యి వేసుకుని, ఒక్కో అడుగే వేస్తూ, "చక్రం" అంది మెల్లిగా.

పిల్ల వెనక్కి తిరగలేదు. దాని అరచెయ్యి గుండెకు అంటుకుపోయి ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది.

"పట్టుకునే ఉన్నానమ్మా. కాళ్ళు మాత్రం వెళ్దామంటున్నాయి. తొందరగా రా."

లారీ ఒకటి రీలును నలిపేసి పోయింది. తల్లి పిల్ల చేతి మీద తన చెయ్యి వేసింది. కింద ఆ చిన్న గుండె దడదడా కొట్టుకుంటోంది. ఒక్కచోట నిలబడ్డానికి ఈ పసిది ఇంత పోరాడుతోందా అనిపించి ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది.

"రీలు కిందపడి వీధిలోకి దొర్లిపోయింది. నువ్వు కోపంగా ఉన్నావని నేనే తెద్దామనుకున్నా. తిడతావా?"

"తిట్టను నా తల్లీ. ఎంత బాగా ఆగావమ్మా!"

సాయంత్రం సంగతి విని ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "గేటు... నేనే కదూ?" అన్నాడు.

"ముడి నేను వేశాను, గేటు మీరు తీశారు. ఆగింది మాత్రం అదే. పట్టీ తీసేశానండీ."

"భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుంది? రేపట్నుంచి గుమ్మం దగ్గర ఆట. మీరూ ఉండాలి."

బొంగరం తండ్రి ఒళ్ళోకి ఎక్కి, ఆయన చెయ్యి తీసి ఆయన గుండె మీదే పెట్టింది. "నీకూ ఉంది కదా నాన్నా చక్రం? అమ్మకీ ఉంది. మరి పొద్దున ఎందుకు పట్టుకోలేదు?"

ఆయన ఆ చెయ్యి అలాగే ఉంచుకుని తల దించుకున్నాడు. మిషను దగ్గర ఆవిడ నవ్వబోయి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది.